పీత మీద రౌతు

ముప్ఫయ్యొక్క ఏళ్లుగా పరాయి నోళ్లకు పళ్లు చేస్తున్నాను.
మైనంలో పై దవడ, ప్లాస్టర్‌లో కింది దవడ.
గ్రిమ్స్‌బీలో సగంమంది ముసలాళ్లు నవ్వేది నా పనితనమే.
అందుకే హెడ్లీ నా దగ్గరికొచ్చాడు,
జేబురుమాల్లో మూటగట్టిన
ఒక సీసపు గుర్రపు రౌతుతో.
"గుర్రం వద్దు ఈనిడ్. పీత కావాలి."

రౌతు నా బొటనవేలంత.
తొడల సందున సన్న రంపం ఆడించీ ఆడించీ
గుర్రం నుంచి విడదీసేసరికి పొద్దు వాలింది.
కాళ్లు ఎడంగా చాపుకుని
బల్లమీద వెల్లకిలా పడ్డాడు.
వాహనం పోయిన వీరుడు
ఇంత నవ్వులాటగా ఉంటాడా!

ఈటె కోసేశాను. దాని చోట
సూదిని వంచి చేపల కొక్కెం:
హెడ్లీ రేవులో నలభై ఏళ్లు పట్టుకున్నది అదే.
పసుపు పుట్టీ, నీలం పుట్టీ కలిపి పిసికితే
ఆకుపచ్చ ముద్ద, గంటన్నరలో రాయి.
నా ఓపికా అంతే.
కాళ్లకి పళ్ల క్లిప్పుల తీగ,
డిప్ప గరుకుకి అరిగిన టూత్‌బ్రష్ పోట్లు.

హెడ్లీకి నడిమి చూపు పోయి రెండేళ్లు.
అంచులు మిగిలాయట.
మొహం ఉండాల్సిన చోట మసక,
దాని చుట్టూ చెవులు, టోపీ, గోడ.
కాబట్టి వేళ్లతో చూస్తాడు.
ఆదివారం అరచేతిలో పెడితే
అటూ ఇటూ తడిమి, తల అడ్డంగా ఊపాడు.
"ఇది పీత కాదు. పీట."
ఎనిమిది కాళ్లూ పీకి మళ్లీ వంచాను,
మనసులో అతని ఏడు తరాలనీ తలుచుకుంటూ.

కనపడనివాడికి రంగులెందుకని
నేను అనలేదు. అనుకున్నానంతే.
"అవతలివాడికి కనపడాలిగా," అన్నాడు.

నల్లటి తొలిపూత ఆరాక ఫోను.
"ఇప్పుడు ఏ రంగులో ఉంది?"
ఎరుపంటే ఒప్పుకోడు. ఏ ఎరుపు?
మూసేసిన ఐసు ఫ్యాక్టరీ తలుపు తుప్పా,
తాడు ఒరిసిన అరచెయ్యా?
"పీత ఉడికిందా, పచ్చిదా?"
"పచ్చిదే. ఆటుకి తేలిన హంబర్ బురద రంగు,
అక్కడక్కడా నారింజ."
"మోకీళ్ల దగ్గరేగా?"
"మోకీళ్ల దగ్గరే."
అప్పటికి వెయ్యలేదు. ఆ రాత్రి లేచి వేశాను.

కళ్లు చివర.
మూడు వెంట్రుకల కుంచె, బిగబట్టిన ఊపిరి,
తెల్ల చుక్కలో నల్ల చుక్క.
మొదటిసారి మెల్లకన్ను.
తుడిచి వేస్తే ఉలిక్కిపడ్డ చూపు.
మళ్లీ తుడిచాను, మళ్లీ ఉలికిపాటే.
పోనీలెమ్మని వదిలేశాను.
పీతనెక్కినవాడు నిబ్బరంగా ఎలా ఉంటాడు?

మంగళవారం, స్కౌట్ల హాలు.
గ్యాసు హీటరు, తడి కోట్ల వాసన.
ఎదుట టాబిథా, పదహారేళ్లది,
పిల్లకి అస్థిపంజరాల సేన.
ఆటలు మానేసి అంతా వంగి చూశారు.
ఎవరో మోకీళ్లని మెచ్చుకున్నారు కూడా.
హెడ్లీ పట్టుబట్టి
రౌతును ముందుకి కాదు, పక్కకి నడిపాడు.

టాబిథా విల్లు: ఆరు, ఆరు.
హెడ్లీ పాచిక దొర్లి దొర్లి
చెక్క కొండకి తగిలి ఆగింది.
చదివి చెప్పడం నా పని.
ఒకటి.
టాబిథా నావంక చూసింది,
నువ్వేమన్నా నేనూ అదే అంటాను అన్నట్టు.
నా నోట్లో "నాలుగు" తయారుగా ఉంది.
అప్పటికే అతని వేలు పాచిక మీదుంది,
ఆ ఒక్క గుంటనీ
నాలికతో పుచ్చుపన్ను వెతికినట్టు వెతుకుతూ.

"కొత్త రంగువాడు మొదటి దెబ్బకే పోవాలి.
మనవాళ్ల ఆచారం," అని పకపకా నవ్వాడు,
నేను చేసిన పళ్లతో.
రౌతును చొక్కా జేబులో వేసుకున్నాడు.
కొక్కెం బయటికి పొడుచుకొచ్చి
ఆట సాగినంతసేపూ గుండీకి తగులుకుంటూనే ఉంది.

తలుపు దగ్గర, కోటు తొడుక్కుంటూ అడిగాడు:
"ఆ గుర్రాన్ని పారెయ్యలేదుగా?"