రెండున్నర తులాలు

మెల్‌బోర్న్ నగరం పొద్దున్నే ఫ్లష్ నొక్కి మర్చిపోయిందంతా
చీకటి పడేసరికి మా వెరిబీ చేరుతుంది,
పైపుల్లో, తల వంచుకుని.
చెరువు తర్వాత చెరువుగా తేరుకుని
ఆఖరి మడుగు దగ్గరికొచ్చేసరికి
సముద్రానికి మొహం చూపించగలిగేంత శుభ్రపడుతుంది.
ఆ నీళ్ళను సీసాల్లో పట్టి
అంకెలు రాయడం నా ఉద్యోగం.

ఏం పని అని చుట్టాలడిగితే
"వాటర్ డిపార్ట్‌మెంట్" అంటాను.
పిట్టలకి ఆ మొహమాటం లేదు.
సైబీరియా నుంచి వచ్చి
తిన్నగా ఈ కంపులోకే దిగుతాయి.

శనివారం పోటు వేళకి ఎనిడ్ వస్తుంది.
డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒక మోకాలు స్టీలుది.
బొటనవేలి కింద టిక్కుటిక్కుమనే లెక్కమిషను.
బురద ఉన్నపళాన రెక్కలొచ్చి లేస్తే
దాన్ని వందలుగా కోసుకుంటూ పోతుంది.
"నాలుగు వేల రెండొందలు. నీకు?"
నాకు మూడు వేల తొమ్మిదొందలు.
పోన్లే, దేవుడికి తెలుసు, అనుకోం.
మళ్ళీ మొదలెడతాం.

మార్చి మొదట్లో వల పేల్చాం.
ఇసుక మీద మందు వాసన,
వల కింద నేల కుతకుత ఉడుకుతున్నట్టు రెక్కలు.
ఎర్రమెడ ఉల్లంకి ఒకటి నా వంతుకొచ్చింది.
తూచాం. ముప్ఫై గ్రాములు.
మా అమ్మ మెళ్ళో గొలుసంత,
రెండున్నర తులాలు.
బయల్దేరాలంటే ఇంకో తులం కొవ్వు పట్టాలి.

ఎనిడ్ పిట్టని కాదు, నా చేతిని చూస్తోంది.
చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య మెడ,
అరచేతికి ఆనిన వీపు,
కాళ్ళు గాల్లో వదులుగా.
"ఎవరు నేర్పారు? నాకు ఏడాది పట్టింది."

చెప్పలేదు.
పులికాట్ ఒడ్డున మా చినతాత
గుర్రపు వెంట్రుకలతో ఉచ్చులు పన్నేవాడని,
తెల్లారుజామున గంప పట్టుకుని
ఆయన వెనకాల నేను నడిచేదాన్నని,
సూళ్ళూరుపేటలో జత పది రూపాయలని,
"మెడ నలపకు, బతికున్నదానికే ధర" అంటూ
నా వేళ్ళు సరిచేసింది ఆయనేనని.
అదే పట్టు.
ఇన్నేళ్ళలో వేలు కూడా జరగలేదు.
చివర్న తెరవడం ఒక్కటే కొత్త.

కాలికి నారింజరంగు రేకు తొడిగాం, మూడక్షరాలతో.
ఆ రంగు మాదని
దారి పొడవునా బురదల్లో తిరిగేవాళ్ళకి తెలుసు.
జపాన్‌తో ఒక కాగితం, చైనాతో ఒకటి, కొరియాతో ఒకటి
మా ప్రభుత్వం రాసుకుంది.
ఓ మధ్యాహ్నం తీరిగ్గా చదివాను. మంచి మాటలే.
ఇరు దేశాల ప్రస్తావన వచ్చినచోట
ఉభయ పక్షాలు అని మనసులో తెనిగించుకుని
నవ్వాపుకోలేకపోయాను.
పక్షమంటే రెక్క కూడానని
సంతకాలు పెట్టినవాళ్ళకెవరు చెబుతారు?

ఏప్రిల్ చివర కొరియా నుంచి ఉత్తరం.
బ్యొన్ గి-తే, లెక్కల మాస్టారు,
ఆదివారాలు బురదకి కాపలా.
ఫొటోలో మసగ్గా ఒక నారింజ చుక్క.
అక్షరాలు రెండు కనిపిస్తున్నాయి,
మూడోదానికి మట్టి అంటింది.
మనదే కావచ్చు. కాకపోవచ్చు.
కింద రాశాడు:
"పోయినేడు నేను నిలబడ్డ చోట ఇప్పుడు కట్ట వేశారు.
కట్ట ఎక్కి ఫొటో తీశాను.
ఇక్కణ్ణించి బాగా కనిపిస్తోంది. క్షమించాలి."

ఎనిడ్ ఆఖరి మాట రెండుసార్లు చదివింది.
కళ్ళజోడు తుడుచుకుని
"ఆ మూడో అక్షరం ఏమై ఉంటుంది?" అంది.

ఇప్పుడు జూన్. మడుగుల మీద గాలి తప్ప జనం లేరు.
దూరం వెళ్ళాలని ఇంకా తెలియని
ఏడాది పిల్లలు కొన్ని మిగిలాయి.
సీసాలు నింపుతున్నాను.
అమ్మోనియా ఎంతో, నాచు ఎంతో నా సీసా చెబుతుంది.
సగం దారిలో ఎవరేం కడుతున్నారో అందులో తేలదు.

ఒక్కోసారి గ్లవ్స్ తీశాక
రెండు వేళ్ళ మధ్య ఆ మెడ కొట్టుకుంటుంది.
చినతాతకీ ఇలాగే ఉండేదా?
అడగాల్సింది.