దుకాణం లేని వర్తకుడు

న్యాయమూర్తి చెబుతుంది, నేను టైపు కొడతాను.
ఇస్తాంబుల్ కార్మిక న్యాయస్థానంలో పద్నాలుగేళ్లుగా
నా వేళ్లకు సొంత అభిప్రాయం లేదు.

ఇవాళ వాది సెయ్‌ఫెత్తిన్.
మోకాల్లో ఇనుప కడ్డీ, చంకలో కర్ర,
ఒళ్లో హెల్మెట్.
బండి అమ్మేశాడట, అలవాటు పోలేదు.

కంపెనీ వకీలు గొంతు మీగడలా ఉంది:
"ఈయన మా ఉద్యోగి కాదండీ, స్వతంత్ర వర్తకుడు.
బండి ఆయనది, పెట్రోలు ఆయనది,
పన్ను కట్టిన రసీదు ఆయన పేరునే ఉంది."

"విరిగిన కాలూ ఆయనదే!"
వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.
అది రికార్డుకెక్కలేదు.

"వర్తకుడివైతే నీ దుకాణం ఎక్కడ?"
అడిగింది న్యాయమూర్తి.
అతను కాసేపు ఆలోచించాడు.
"వీపు మీద ఉండేదమ్మా.
పెట్టె. దాని మీద వాళ్ల పేరే ఉండేది."

"వాది తనకు దుకాణం లేదన్నాడు" అని చెప్పింది ఆమె.
కొట్టాను.
వీపూ పెట్టే ఎక్కడో జారిపడ్డాయి.

ఆ రాత్రి మంచు కురిసిందట.
వద్దంటే రెండు రోజులు ఫోను మోగదట.
పొట్లానికింత అని లెక్క,
వాలుకీ మంచుకీ లెక్క లేదు.
ఉస్కుదార్‌లో ఆఖరి మలుపు దగ్గర బండి కాలి మీద పడింది.

"పడ్డాక మొదట ఏం చేశావు?"
"సూపు ఒలికిందేమోనని చూశానమ్మా."

నా వేళ్లు ఆగిపోయాయి.
పోయిన ఫిబ్రవరిలో, మంచు పడుతున్న రాత్రి,
దుప్పటి కప్పుకుని పప్పు సూపు తెప్పించుకున్నాను నేను.
ఫోనులో చిన్న బండి బొమ్మ ఒకచోట ఆగి
ఎంతకీ కదలకపోతే
దాన్ని బద్ధకస్తుడని తిట్టాను.
అది ఇతను కాకపోవచ్చు.
ఈ ఊళ్లో వాలు వీధులకేం కొదవ?
చివరికి సూపు ఎవరు తెచ్చారో నాకు గుర్తులేదు,
చల్లారిందని మాత్రం గుర్తుంది.

వాయిదా జూన్ పదకొండుకి.
కర్ర సర్దుకుంటూ నా బల్ల దగ్గర ఆగాడు.
"అమ్మా, ఆ పెట్టె సంగతి రాశారా?"

రాయలేదు.
న్యాయమూర్తి అప్పటికే లేచి నిలబడింది.
పద్నాలుగేళ్లలో మొదటిసారి
చెప్పనిది అడిగాను:
"అమ్మగారూ, వీపు మీది పెట్టె వదిలేశాం."

కళ్లద్దాల మీదుగా నన్ను చూసింది,
అతన్ని చూసింది,
అతని ఒళ్లోంచి చేతికి మారిన హెల్మెట్‌నీ చూసింది.
మళ్లీ కూర్చుంది.

"రాయి," అంది.
"దాని మీద ఎవరి పేరుందో
అదీ రాయి."