ముప్పై ఒకటో పుట నుంచి

బొరుగుల అంగడి మాబుసాబు
పాత కాగితాల్లో నుంచి దాన్ని తీసిచ్చె.
అట్ట లేదు. పేరు లేదు.
మొదటి ముప్పై పుటలు అప్పటికే
మిరపకాయ బజ్జీలకు చుట్టుకుని పోయినాయి.
"డిటెక్టివు పుస్తకం అక్కా, పాతకాలంది,
మా నాయిన రెండుసార్లు చదివినాడు" అనె.
ఐదు రూపాయలిస్తి.

నాది ఐదో తరగతి. కూడబలుక్కుంటే వస్తుంది.
ముప్పై ఒకటో పుటలో దిగితే
అప్పటికే ఎవరో చచ్చిపోయి ఉండారు.
ఏడ్చేది గూడా అయిపోయింది.
టోపీ పెట్టుకున్న ఆయప్ప ఒకడు
గడప కాడ మోకాళ్ళ మీద కూర్చోని
కాలిన అగ్గిపుల్లను చూస్తాండాడు.

చచ్చింది ఎవరో తెలీకుండా
చంపింది ఎవరో ఎతుక్కునేది!
మిల్లు నుంచి వచ్చి, రొట్టెలు కాల్చి,
ఇంటోళ్ళు పడుకున్యంక ఇదే నా పని.

అలికిడి అని ఉన్నింది. మేం సద్దు అంటాం.
రెండూ నోట్లో ఏసుకుని చూస్తి.
సద్దు కుండ పగిలితే వచ్చేది,
అలికిడి పిల్లి పోయినంక మిగిలేది.

అనుమానం నాకు ముందే తెలుసు,
పెళ్ళైన నెలకే మొగుడు నేర్పించినాడు.

నిర్ఘాంతపోయాడు. దీనికి మాబుసాబును అడిగితి.
గుప్పెడు బొరుగులు నోట్లో పోసుకుని
నమిలేది మరిచిపోయినట్ల నోరు తెరిచి చూపిచ్చె.
"ఇంతే అక్కా."

వాంగ్మూలం అంటే ఏదో వేరు మందు అనుకుంటి,
మోకాళ్ళ నొప్పికి నూరి పూస్తారేమో అని.
పనిమనిషి ఇస్తే టోపీ ఆయప్ప తీసుకున్యాడు గదా!
నాలుగు పుటలు పోయినంక తెలిసె
అది నోట్లో నుంచి తీసేదని.

ఇంకొకటి ఉన్నింది, నూట పన్నెండో పుటలో.
గూడ్సు రైలు మాదిరి. ముందు పెట్టె దాటినంక
ఎనక పెట్టె వచ్చేకి ఊపిరి చాలదు.
స్వ. యం. కృ. తా. ప. రా. ధం.
మూడు రాత్రులు పట్టె.
స్కూలు అటెండరు ఉరుకుందప్పను అడిగితే
"నీ చేత్తో నువ్వే చేసుకున్న తప్పు" అనె.

ఆ వారమే
హుసేనమ్మ చేయి రోలర్లోకి పోయింది.
పత్తి ఎర్రగా వచ్చింది.
కొంచేపు ఎవరికీ అర్థం కాలేదు,
ఆదోనిలో ఎర్ర పత్తి ఉండదు గదా.

దాని మూత ఊడిపోయి ఆరు నెలలు.
చెప్పినప్పుడల్లా మేస్త్రీ "పండగ పోనీ" అనె.
ఆరు నెలల్లో ఎన్ని పండగలు పోయినాయో.

స్టేషన్లో రైటరు నేను చెప్పిందంతా రాసుకున్యాడు.
గబగబా చదివి వినిపిచ్చె,
కండక్టరు ఊర్ల పేర్లు అరిచినట్ల.
సిరా డబ్బీ ముందుకు తోసె. "ఏలిముద్ర."
"సంతకం వస్తుంది సార్" అంటి.
కాగితం నా పక్కకు తిప్పుకుంటి.
కింద నుంచి మూడో గీత.
ఆడ నిలబడి ఉండాది గూడ్సు రైలు.
ఈసారి ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా
ఒక ఊపులో చదివితి, బయటికే.

"ఈ మాట నాది కాదు సార్."
"ఏ మాట?"
ఏలు పెట్టి చూపిస్తి.
"నా వాంగ్మూలంలో నా నోట్లోదే ఉండల్ల."

ఆయప్ప నోరు తెరిచె.
బొరుగులు లేవు గానీ
నాకు కనిపిచ్చె.

కొట్టేసినాడు. దాని పైన సందులో చిన్నగా రాసినాడు:
యంత్రమునకు మూత లేనందున.
మునకు, అందున అనేవి నావి కావు. మూత నాదే.
సంతకం పెడితి.

కేసు ఇంకా విచారణలో ఉందంట.
పుస్తకంలో విచారణ పదహైదు పుటల్లో అయిపోయె,
ఈడ రెండో ఎండాకాలం.
హుసేనమ్మ ఎడమ చేత్తో రొట్టె తట్టేది నేర్చుకుంటాంది,
తట్టుకుంటా కథ చెప్పమంటుంది.
చంపినోడు దొరికినాడంటే ఊరుకోదు.
"చచ్చింది ఎవరే?" అంటుంది.

యాడ నుంచి చెప్పేది?
ఆ ముప్పై పుటలూ
ఆదోని అంతా నూనె తుడుచుకుని పారేసింది.