లోపలి ప్యాడు

కొండ దిగొచ్చిన బండి వాసనే వేరు.
కాలిన గోనెసంచీ, తుప్పు, మసి,
అన్నీ కలిసి ముందు చక్రం కాడ్నించి లేస్తాయి.
కరకంబాడి రోడ్డులో నా షెడ్డు ముందర
కోకిలమ్మ సుమో ఆగీ ఆగకముందే
నా ముక్కు చెప్పేసింది:
ఎడమ పక్క.

ఆమె మాత్రం సద్దుతో మొదలుపెట్టింది.
"పోయిన నెల బ్రేకు తొక్కితే
పలక మీద గోరు గీసినట్టు కీచుమనేదన్నా.
ఈ నెల కీచు పోయింది.
ఇప్పుడు గరగరా అంటాది,
రోట్లో ఇసక పోసి రుబ్బినట్టు."

కీచు పోతే రోగం పోయిందనుకుని
రెండు వారాలు కుశాలగా తిరిగింది పాపం.
అది ప్యాడుకు పెట్టిన ఇనప నాలుక తల్లీ,
అరిచి అరిచి
అరిగిపోయింది.

"ఇంకేమన్నా ఉండాదా?"
"స్టీరింగు ఎడమకు లాగతాది.
డీజిలు జాస్తి తాగతాది.
వాలులో న్యూట్రల్ చేసినా దొర్లదు,
ఎవురో వెనకనించి కొంగు పట్టుకున్నట్టు."

చేత్తో తాకలా.
తాకి తెలుసుకునే వయసులో తెచ్చుకున్న మచ్చలు
అరిచేతిలో రెండు ఇంకా ఉండాయి.
సీసాలో నీళ్ళు నాలుగు చుక్కలు చల్లినా.
కుడి చక్రం మీద నిదానంగా ఆరినాయి.
ఎడమ దాని మీద
చుయ్యిమని, ఆవిరై, తెల్ల మరక.

జాకీ ఎత్తి కుడి చక్రం తిప్పితే
మూడు చుట్లు తిరిగి ఆగింది.
ఎడమది అర చుట్టు కూడా రాలా.
నిప్పిలు వదులు చేసి చూసినా,
ఆయిలు కారింది, చక్రం కదల్లా.
అంటే గొట్టం తప్పు కాదు.
తప్పు పిడికిట్లోనే.

చక్రం ఊడదీస్తే కోకిలమ్మ వొంగి చూసింది.
"ఇదో, ప్యాడు సగం ఉండాది కదన్నా!"
ఉండాది. అది బయటి ప్యాడు.
అందరికీ అగపడేది అదే.

కాలిపరు పిన్ను ఒక పట్టాన రాలా.
కిరసనాయిలు పోసి, మెలిపెట్టి, తిట్టి లాగితే
గ్రీజు ముదురుపాకంలా నల్లగా గడ్డకట్టి ఉండాది.
రబ్బరు తొడుగు చినిగి
ఎన్ని వానలు తాగిందో.
పిస్టను ముందుకు పోయిందే గానీ
వెనక్కి రావడం మరిచిపోయింది.
ఇక లోపలి ప్యాడు:
మందం లేదు, మసాలా లేదు,
ఉత్త ఇనప రేకు, నీలంగా కాలి.
డిస్కు మీద మడక దున్నిన చాళ్ళు.

బ్రేకు పట్టకపోతే ఊరంతా భయపడతాది.
వదలకపోతే ఎవురికీ తెలీదు.
మా బుడాన్‌సాబు మేస్త్రీ
బీడీ చెవిలో దోపుకుని అనేవాడు,
"పట్టనిది ఒక్క మలుపులో చంపతాది రా.
వదలనిది నెలంతా తింటాది."

"లోపలిది ఒకటే మార్చు అన్నా,
బయటిది ఇంకో ఆర్నెల్లు రాదా?
రేపు తెల్లారుజామున కాణిపాకం బాడిగ ఉండాది,
పుత్తూరోళ్ళు ఏడుమంది."
ఏడుమంది.
నేను పానా కింద పెట్టేసినా.
మారిస్తే నాలుగూ మార్చాల,
ఇటు కొత్తది, అటు పాతది పెడితే
బండి మళ్ళా ఒక పక్కకే మొగ్గుతాది.
ఆమె డ్యాష్‌బోర్డు అరలోంచి
పార్కింగు చీటీల నడుమ నోట్లు ఏరి,
రెండోసారి కూడా ఎంచింది.
తక్కువ ఎనిమిది నూర్లు.
గోడ మీద సుద్దతో రాసుకున్నా.
ఆ గోడ మీద సున్నం కన్నా సుద్దే జాస్తి.

తులసిరాముడు సీలు కిట్టు కోసం
మూసే అంగడి షట్టరు కింద దూరి తెచ్చినాడు.
డిస్కులు లేతు కాడ్నించి అద్దంలా తిరిగొచ్చినాయి.
పిస్టను తోమి, సీలు మార్చి, పిన్నుకు కొత్త గ్రీజు పూసి
వేలితో నెడితే జారింది,
ఆ ఒక్క జారుడు కోసం
మూడు గంటలు.

రాత్రి పదకొండుకు రేణిగుంట దాకా పోయొచ్చినాం.
ఖాళీ రోడ్డులో ఆమె రెండు చేతులూ
ఒక్క క్షణం స్టీరింగు మీదనించి తీసింది.
బండి నేరుగా పోయింది.
ఆమె నా వైపు చూడలా, నేనూ ఏమీ అనలా.

షెడ్డు కాడ దిగి
నీళ్ళ సీసా కోసం వెతికినా, ఖాళీ.
సరేలే అని
మచ్చలున్న అరిచేతినే
ఎడమ చక్రం మీద పెట్టినా.
సాయంత్రపు గోడంత వెచ్చన.
తీయబుద్ధి కాలా.