నకలు

మొదట గీసింది నేనే.
రాజోలు బస్టాండెదుట, జిరాక్సు కొట్టు వెనక బల్ల మీద:
రెండు గదులు, ఒక పంచ, ఆగ్నేయాన పొయ్యి.
మూలన సంతకం పెట్టబోయి పెన్ను ఎత్తేశాను.
"ఎవరైనా కట్టుకోండి, మార్చుకోండి.
మార్చింది మాత్రం దాచకండి" అని రాసి
ఫోన్లోంచి వదిలాను,
సైకిల్ని పంటెక్కించి
మనిషి రేవులోనే ఉండిపోయినట్టు.

తొలి తప్పు ఏసుదాసు మేస్త్రి పట్టాడు.
"అమ్మాయ్, నీది మెట్ట ఊరి పునాది.
లంకలో గోదారి గడప దగ్గర ఆగి పిలవదు."
మూడు వరసలు పెంచాడు.
పెంచినచోట ఎర్ర పెన్సిలు గీత,
వాళ్లింటి గోడ మీద పోయిన వరద
బురదతో గీసిపోయినంత ఎత్తులో.

సుభానీ టేకు దూలం కొట్టేశాడు.
'ముదురు తాడి. చేవ చూసి కొయ్యాలి.'
అంతే రాశాడు.

ఇటుకల తట్ట దించకుండానే
దైవకృప ఫోన్లోకి తొంగిచూసింది.
"ఎనిమిదంగుళాల మెట్టా?
గీసినోళ్లు ఎప్పుడైనా మోశారా?"
ఆ రాత్రే ఆరు చేశాను.

యానాం అవతల నుంచి, పేరు చెప్పని మనిషెవరో
అటకకి బయటివైపు తలుపు పెట్టారు,
పడవ వచ్చి ఆనుకునే ఎత్తులో.
చాలాసేపు చూశాను.
ఐదేళ్లు చదివాను నేను.
తలుపంటే
నడిచి వచ్చేవాళ్లకేననుకున్నాను.

అమలాపురం కాంట్రాక్టరొకడు
ఆ పటం మీద తన ముద్ర కొట్టి
అయిదువేలకి అమ్ముతున్నాడని తెలిసి
నేను ఒణికిపోతుంటే
మేస్త్రి బీడీ ఆర్పి నవ్వాడు.
"అమ్ముకోనీ.
వాడి దగ్గరున్నది పాతది.
మూడు వరసలు తక్కువ."

శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక.
నీరు తీశాక పడవెక్కి వెళ్లాను.
ఎన్నడూ అడుగుపెట్టని లంకలో
నా ఇల్లు కాని నా ఇల్లు,
ముక్కు మేనమామది, నడక ఇంకెవరిదో.
గడపకి జానెడు కిందనే ఆగిపోయిన
బురద గీత.

"ఎవరు గీశారండీ?" అన్నాను, ఊరికే.
తడిసిన ధాన్యం తిరగేస్తూ
సూరాయమ్మ కాస్త ఆలోచించింది.
"అందరూనూ.
కోళ్లగూడు మాత్రం ఒక్కడికీ గుర్తు రాలేదు.
నాలుగు పెట్టలు కొట్టుకుపోయాయి నాయి.
ఇదిగో, ఇక్కడ, అటక కింద. రాసుకో."

నా పెన్సిలు ముక్కు విరిగి ఉంది.
ఆమె కత్తిపీట ఇటు జరిపింది.