కాలరు లోపలి పేరు

మంజీర నల్లా దినం తప్పి దినం,
తెల్లారగట్ల నాలుగున్నరకు.
నలభై నిమిషాలు.
తాగే నీళ్ళు పట్టి, డ్రమ్ము నింపి,
ఆఖరి సన్నధార కింద
మా జశ్వంత్‌గాని శనివారపు తెల్లంగి.

పిల్లలకు తెలుపు పెట్టినాయన ఎవలో గాని
వాళ్ళింట్ల బట్టలు ఆయన ఉతకడు.

జేబు కింద నీలిసిరా. పరీక్ష అయిందన్నట్టు.
మోచేతికి డాంబరు. గ్రౌండు దాటి రోడ్డు మీద ఆడిండు,
నాకు జెప్పలే.
పొట్ట మీద పప్పుచారు.
నేను ఆ దినం పప్పుచారు కట్టనే లేదు.
ఎవలి డబ్బాల చెయ్యి వెట్టినవురా అంటే
నవ్వుతడు.

సిరాకు పాలు.
డాంబరుకు ముందుగాల కొబ్బరినూనె, తర్వాతనే సబ్బు.
తుప్పుకు నిమ్మకాయ, ఉప్పు.
నెత్తురుకు చల్లనీళ్ళే, వేడినీళ్ళు పోసినవంటే
ఇల్లిటం అల్లుని లెక్క కూసుంటది, లేవది.
పసుపుకు సబ్బు తాకితే ఎర్రగైతది,
కోపమొచ్చినట్టు.
భయపడొద్దు, ఎండకెయ్యాలె, దానంతట అదే దిగుతది.
ఇస్త్రీబండి యాదగిరన్న ఒకటే మాట:
"మరక పోయినంకనే తే అక్కా,
నా పెట్టె తాకిందంటే ఇగ అది కాయం."

ఇవన్ని నాకెర్కే.
నాకు లొంగంది కాలరు లోపల ఉన్నది.

నల్ల మార్కరుతోని, ఇంగ్లీషుల:
ఎ. ప్రణీల్, నాలుగు సి.

నేను వాళ్ళ బడి బస్సుల ఆయాను.
అందుకే వీనికి సగం ఫీజు.
అంగీలకు మాత్రం సగం లేదు.
బడి మారిపోయిన పిల్లలు వదిలినయి
ఆఫీసు రూముల మూట కట్టి ఉంటయి,
అండ్ల నుంచి ఏరిన, కుట్లు చూసి, గుండీలు లెక్కవెట్టి.
కాలరు తిప్పి చూడలే.

రెండు వారాల కింద బస్సుల
ఎనుక సీటు పిల్ల వాని కాలరు మలిపి
గట్టిగ సదివింది.
బస్సంత నవ్వింది.
నేను తలుపు కాడ రాడ్డు పట్టుకోని నిలవడ్డ.
నేను వాని తల్లినని అందరికెర్కే.
ఎర్రగడ్డ రైతుబజారు పోతుంది కిటికీల,
టమాటల దిక్కు చూసిన.

ఆ దినం సంది రుద్దుతున్న.
స్పిరిటు పెట్టిన. పండ్లపేస్టు పెట్టిన.
కరోనప్పటి శానిటైజరు సీస ఖాళీ చేసిన.
పక్కింటి నఫీసా ఆపా పులిసిన పెరుగు తెచ్చిచ్చింది,
"రాత్రంత ఉంచు, చూడు."
నలుపు ఊదా అయింది,
ఊదా పక్కకు పాకింది,
'ఎ' పోయింది, దాని పక్క చుక్క ఉన్నది.
బట్ట పలసబడ్డది, నా ఏలు కనవడేటంత.
పేరు ఇంక సదువొస్తనే ఉన్నది.

ఇయ్యాల వాడు కండ్లు నలుపుకుంట వచ్చి
నల్లా కాడ కూసున్నడు.
"అది వదిలెయ్యే అమ్మా.
అది అంగీ కంపెని పేరని జెప్పిన."

"ఏందిరా?"

"బొంబాయిల కుడ్తరు, ఈడ దొర్కయి అని జెప్పిన.
నాలుగు సి అంటే సైజు.
గా దీక్షిత రోజు అడుగుతుంది, ఏడ కొన్నరని."

నాకు నవ్వొచ్చి, దగ్గొచ్చి,
అండ్లనే నల్లా గుర్రుమని ఆగిపోయింది.
కాలరు నిండ సబ్బు.
తాగే బిందెల నుంచి ఒక చెంబు ముంచి పోసిన.

డాబా మీద ఆరేస్తుంటె కనవడ్డది.
కింద, లాగుల దోపుకునే అంచుకు, లోపలి దిక్కు
బాల్‌పెన్నుతోని, తెలుగుల,
చీమలంత అక్షరాలు:
జశ్వంత్.
'శ్వ' కాడ రెండుసార్లు దిద్దిండు.

బాల్‌పెన్ను గీతకు ఏం పెట్టాల్నో నాకు తెలుసు.
సీసల స్పిరిటు ఇంక సగమున్నది.

మూత బిగించి కిటికీల పెట్టిన.
అంగి పొట్టను ఎండ దిక్కు తిప్పి
రెండు క్లిప్పులు ఎక్కువేసిన.
పదకొండింటికల్లా పసుపు దిగింది.