శావిగ నీళ్లు

అనంతపురం పాతూర్లో, గుజిరీ అంగళ్లు దాటినాక.
బోర్డు లేదు దానికి.
వాకిట్లో తడిపిన గోనెపట్ట ఒకటి.
అది యాలాడతాంటే తిప్పక్క ఉన్నట్టు,
చుట్టేసింటే పిండి అయిపోయినట్టు.
పన్నెండున్నర దాటి పోతే నీ కర్మ.

తొమ్మిదేండ్లుగా తింటాండా నేను ఆడ.
కారు తోలేవోనికి బిరీన తినేదే అలవాటు:
చెయ్యి కడుగు, మింగు, తాళం తిప్పు.

ఆ పొద్దు ఎనక సీట్లో కుబోత సారు.
గాలిమరల రెక్కలు చూసిపోను జపాన్ నుంచి వచ్చినోడు,
రామగిరి గుట్టల మింద మూడు దినాలు
టోపీ ఎగిరిపోకుండా పట్టుకోని నిలబడినోడు.
లాడ్జీలో బ్రెడ్డు తిని తిని మొగం వాడింది.
"నువ్వు తినే చోటు" అన్యాడు,
వచ్చిన మూడు తెలుగు ముక్కల్తో. మిగిలింది చేత్తో.

గోనెపట్ట కింద తల వంచి దూరినాడు
ఎన్నోసారో వచ్చినోని మాదిరి.
ఆయప్ప ఊర్లో గూడా అంతేనంట.
కోటిమంది ఊరు, రైలుకట్ట కింద చిన్నంగడి,
వాకిట్లో నీలం గుడ్డ,
అది నెత్తికి తగలకుండా ఎవురూ లోపలికి పోలేరంట.

లోపల శావిగల మాను, చింతకొయ్యది.
రాగిపిండి ఉండ పొగలు కక్కుతా గుంతలో పడితే
ఎర్రిస్వామి, పదైదేండ్ల పిల్లోడు,
పిడి పట్టుకోని గాల్లోకి ఎగిరి వాలతాడు.
వాని బరువంతా
సన్నగా, నల్లగా, దారాలై
కింద చాటలోకి దిగుతాది.

సారు కండ్లజోడు తీసి తుడుచుకున్యాడు.
ఆవిరికో ఇంక దేనికో, నేనడగల్యా.

ఇస్తరాకులో శావిగలు, గిన్నెలో ఉలవకట్టు,
పక్కన ఎర్రగడ్డ చీలిక.
పోగుల కొస పట్టి కట్టులో ముంచి
జుర్రుమని లాగినాడు.
బయట బీడీ అంటించుకుంటున్న హమాలీ తిరిగి చూసినాడు.
తిప్పక్క చెంబు పట్టుకోని ఉరికొచ్చె,
"పొరబోయినట్టుందిరా, నెత్తిన తట్టు వన్నూరూ!"

కాదక్కా, అట్ల సప్పుడు చేస్తేనే
వండినోళ్లకు మర్యాదంట వాళ్ల దిక్కు.

"అయితే ఇన్నేండ్లూ
నోరు మూసుకోని తిన్యారు గదరా, దొంగ సచ్చినోళ్లారా!"

హమాలీ జుర్రినాడు. ఎర్రిస్వామి జుర్రినాడు.
నేను సిగ్గుపడి సగం జుర్రినా.

ఆకు ఖాళీ. గిన్నె అడుగున రెండు గుక్కల కట్టు.
సారు లెయ్యలా.
ఉండలు ఉడికిన కుండ చూపించి గిన్నె చాపినాడు.
ఆ నీళ్లు, చిక్కగా, వానకు పారే వంక రంగువి.
వాళ్ల ఊర్లో చివరాకర్న అడక్కనే పోసిస్తారంట,
మిగిలిన పులుసులో కలుపుకోని తాగితేనే
తిన్యట్టంట.

తిప్పక్క కుండ దిక్కు చూసింది.
"అవి గిరాకీకి పోసేవి కాదు నాయనా."
గరిటె మిందికి చెయ్యి పోల్యా.

అప్పుడు తెలిసింది నాకు.
అందురూ పోయినాక, పట్ట చుట్టేసినాక,
ఇంత ఉప్పేసుకోని, పచ్చిమిరక్కాయ కొరుక్కోని
ఆయమ్మ తాగేది అదే.
తొమ్మిదేండ్లు, వారానికి నాలుగు తూర్లు.
నువ్వు తిన్యావా అక్కా అనే మాట
ఒకతూరి గూడా నా నోట్లో నుంచి రాల్యా.

సారుకు చెప్పేకి మాటలు చాల్లేదు.
కుండ చూపించినా, అక్కను చూపించినా,
నా కడుపు తట్టినా.
ఆయప్ప లేసి, గూట్లో నుంచి ఇంకో గిన్నె తెచ్చి
తన గిన్నె పక్కన పెట్టి
బెంచీ మింద ఒక మనిషి పట్టేంత జరిగినాడు.

ఆ బెంచీ మింద తిప్పక్క కూచోంగ చూసింది
నేను అదే మొదులు.
పోసింది. ఊదింది.
వీధి మలుపు దాకా ఇనపడేటట్టు జుర్రింది.

సారు పోయి రెండేండ్లాయ.
ఇప్పుడు అడక్కనే అందురి గిన్నెల్లో పోస్తాది.
పొద్దున్నే కుండలో
ఒక చెంబు నీళ్లు ఎక్కువేస్తాది అంతే.
రోంత పల్చనైనాయి.
ఎవురూ అనల్యా.